అనంత గాలికి అడ్డం.. ఎంత ఎత్తుండాలి బాస్?

హైదరాబాద్ నుంచి బెంగళూరుకి 44వ నంబర్ హైవే మీద బైక్‌పై వెళ్లేవాళ్లకి అసలు పరీక్ష అనంతపురమే. గుత్తి దాటాక చెట్టూచేమా తక్కువ, గాలి ఎక్కువ. పడమటి కనుమలు ఇక్కడి వానని ఆపేస్తాయి గానీ గాలిని కాదు. రామగిరి, నల్లకొండ మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు మరి!

నేనీ దారిలో తరచూ వెళ్తుంటా. సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేసేది ఎక్కువగా ఈ గాలి వల్లే. 60లో వెళ్లే బండి 90 అందుకుంటే, గాలి తాకిడి రెండింతలు దాటుతుంది.

మరి పేద్ద విండ్‌స్క్రీన్ బిగించేస్తే సరా? ఊహూ! దాని అంచు మీదుగా వచ్చే గాలి సుడి తిరిగి హెల్మెట్‌కి కొడితే తల ఊగిపోతుంది, చెవులు హోరెత్తుతాయి. రోడ్డుని స్క్రీన్‌లోంచి కాదు, స్క్రీన్ పైనుంచి చూడగలగాలి. అంచు గడ్డానికీ ముక్కుకీ మధ్య ఎత్తులో ఉంటే చాలామందికి హాయి. ఖాళీ రోడ్డు మీద ఫుట్‌పెగ్స్‌పై కాస్త లేచి చూడండి. హోరు తగ్గితే తప్పు హెల్మెట్‌ది కాదు, స్క్రీన్‌దే.

జూన్, జూలైల్లో బెంగళూరు వైపు వెళ్తుంటే పడమటి గాలి కుడివైపు నుంచి తోస్తుంది. అప్పుడు పొడుగు స్క్రీన్ అంటే తెరచాపే! లారీ చాటు నుంచి బయటపడగానే ఒక్కసారిగా కొడుతుంది. ముందే స్పీడ్ తగ్గించండి, హ్యాండిల్‌ని మరీ బిగబట్టొద్దు.

మే ఎండలో లెక్క వేరు. 40 డిగ్రీలు దాటిన గాలి హాయిగా అనిపించినా, ఒంట్లో నీళ్లు లాగేస్తుంది. జాకెట్ విప్పకండి. దాహం వేయకపోయినా గంటకోసారి ఆగి నీళ్లు తాగండి.