ఓటీపీ డాలస్‌లో, మనిషి అనకాపల్లిలో

అపోహ: ఈ వయసులో పెద్దవాళ్లకు ఫోన్లు, యాప్‌లు తలకెక్కవు.

తెల్లారకముందే కుటుంబం గ్రూపులో శుభోదయం పెట్టేదెవరు? యూట్యూబ్‌లో ప్రవచనాలు వెతుక్కుని వినేదెవరు? అదే మనిషి ఆస్పత్రి యాప్ దగ్గర ఆగిపోతున్నారంటే లోపం బుర్రలో లేదు. వయసుతోపాటు కంటిలోని కటకం పసుపుబారుతుంది, తెల్లటి తెర మీది లేత బూడిదరంగు అక్షరాలు ఆనవు. వేలికొనలు ఎండిపోతే టచ్‌స్క్రీన్ వాటిని సరిగా పసిగట్టదు. చెయ్యి వణికితే మీట నొక్కబోయి పేజీ జరుపుతారు. వీటిలో చాలావాటికి ఫోన్ సెట్టింగ్స్‌లోనే విరుగుడు ఉంది: అక్షరాల సైజు, కాంట్రాస్ట్ పెంచుకోవచ్చు. యాప్ ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే ఏ సెట్టింగూ ఆదుకోదు. 60 దాటినవాళ్లకు కోవిడ్ టీకాలు 2021 మార్చి 1న మొదలైతే, టీకా నమోదు పోర్టల్ కోవిన్‌లో తెలుగు జూన్‌లో గానీ రాలేదు. టీకా తొందరగా అందాల్సినవాళ్లకే భాష ఆలస్యంగా అందింది.

అపోహ: ఓటీపీ చెప్పడానికి తటపటాయించడం పెద్దవాళ్ల చాదస్తం.

బ్యాంకు వాళ్లు, పోలీసులు, కొడుకు, కోడలు రోజూ చెప్పేది ఒకటే: ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. తీరా ఆస్పత్రి కౌంటర్ దగ్గరికి వెళ్తే, "పెద్దాయనా, ఓటీపీ వచ్చిందా, చెప్పండి" అంటారు. ఇక్కడ ఆగి ఆలోచించేవాళ్లే తెలివైనవాళ్లని నా లెక్క. నంబరు ఒక్కటే చూడకుండా మెసేజ్ మొత్తం చదవాలి. ఆ ఓటీపీ దేనికి వచ్చిందో సాధారణంగా అందులోనే రాసి ఉంటుంది. కౌంటర్ ముందు మనమే నిలబడి అడిగిన పనికి వచ్చిన ఓటీపీ వేరు, ఫోన్ చేసి ఎవరో అడిగేది వేరు. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అపోహ: పిల్లలు చూసుకుంటే చాలు, పెద్దవాళ్లు నేర్చుకోనక్కర్లేదు.

"ఇలా ఇవ్వు నాన్నా" అని ఫోన్ లాక్కుని రెండు నిమిషాల్లో పని ముగించే కొడుకు ఏమీ నేర్పడు. పైగా అన్నిటికీ తన నంబరే ఇచ్చి వెళ్తాడు. తండ్రి అనకాపల్లిలో కౌంటర్ ముందు నిలబడితే ఓటీపీ డాలస్‌లో మోగుతుంది. అక్కడ అర్ధరాత్రి! నేర్పాలంటే ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి, వాళ్ల వేలితోనే నొక్కించాలి. తప్పు నొక్కితే ఏదో పాడైపోతుందన్న భయం పోవడానికి కాస్త వ్యవధి పడుతుంది, విసుక్కుంటే ఇంకా ఎక్కువ పడుతుంది.

అపోహ: ఆభా నంబరు ఉంటే వైద్యం ఉచితం.

కాదు. 14 అంకెల ఆభా నంబరు వైద్య రికార్డులను ఒకచోటికి చేర్చడానికి పనికొస్తుంది, అంతే. అది బీమా కాదు. 70 నిండినవాళ్లకు, ఆదాయంతో పని లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స ఇచ్చేది ఆయుష్మాన్ వయ వందన కార్డు. అది 2024 అక్టోబరు 29న మొదలైంది. పొలం పనుల్లో వేలిముద్రలు అరిగిపోయాయని దీన్ని వదులుకోవద్దు, ముఖం చూపించి కూడా ఆధార్‌ను ధ్రువీకరించుకోవచ్చు.

అపోహ: స్మార్ట్‌వాచీ సూది లేకుండా షుగర్ చూపిస్తుంది.

అలా చెప్పి అమ్మే ఏ వాచీకీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ డోసు మారిస్తే ప్రాణం మీదికి వస్తుంది. చేతికి అతికించుకునే సెన్సర్ల సంగతి వేరు, వాటి సన్నని తీగ చర్మం లోపలికి వెళ్తుంది.

అపోహ: స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు టెలిమెడిసిన్ అందదు.

ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో ఒక పద్ధతి వాళ్ల కోసమే ఉన్నట్టుంటుంది. రోగి ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే అక్కడి సిబ్బందే డాక్టర్‌కు వీడియోలో కలుపుతారు, లక్షణాలు వివరిస్తారు. మామూలు ఫోన్‌లో మాట్లాడి సలహా ఇవ్వడానికి కూడా 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టర్లను అనుమతించాయి. కాకపోతే ఫోన్ మీద రాయకూడని మందులు కొన్ని ఉన్నాయి.

ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఆధార్‌కు ఎవరి నంబరు లింకై ఉందో చూడండి, ఓటీపీ వెళ్లేది దానికే. మీదైతే, తిరుగు ప్రయాణానికి ముందే వాళ్ల నంబరుకు మార్పించండి.