ఫోనులోని జిల్లాలు

2016 అక్టోబరు 11, విజయదశమినాడు, పాత వరంగల్లు జిల్లా అయిదు జిల్లాలయింది. జనగామకూ, మహబూబాబాదుకూ, భూపాలపల్లికీ కలెక్టరు కచేరీలు వచ్చాయి. 2019లో భూపాలపల్లినుంచి ములుగు వేరుపడింది. ఇన్ని భాగాలు చేసినా నేల ఒక్క గుంటయినా పెరగలేదు. ఒక జిల్లాకు వచ్చిన నిధులను పక్క జిల్లా కలెక్టరు ఖర్చు పెట్టలేడు. ఈ రెండు ముక్కలూ గుర్తుంటే, జేబులోని స్మార్ట్‌ఫోను "జాగా లేదు" అని ఎందుకు మొరాయిస్తున్నదో సగం తెలిసినట్లే.

మనవాళ్ళు ర్యామునూ స్టోరేజినీ కలిపి "మెమొరీ" అనేస్తారు. ర్యాము వంటయింటి గట్టు వంటిది. కూర తరిగేంతసేపే దానితో పని. ఫోను ఆపితే గట్టు తుడిచేసినట్లే. స్టోరేజి సామానుల గది. గది నిండితే గట్టు కడిగి ఏం లాభం? దుకాణాల్లో "4+4 జీబీ ర్యాము" అని ఊరిస్తుంటారు చూడండి, ఆ రెండో నాలుగు సామానుల గదిలో ఒక మూలను గట్టుగా వాడుకోవడమే. అసలు ర్యాముకన్నా అది చాలా నెమ్మది. పైగా గదిలో ఆ మేరకు జాగా తరుగుతుంది.

అట్టపెట్టెమీద 64 జీబీ అని వుంటుంది. తీరా చూస్తే మనకంత దక్కదు. ఇందులో మోసమేమీ లేదు. తయారుచేసేవారికి జీబీ అంటే నూరు కోట్ల బైట్లు. కొన్ని లెక్కల్లో అది 107 కోట్ల పైచిలుకు. ఆ లెక్కన 64 కాస్తా 59.6 అవుతుంది. పాత శేరుకూ కిలోకూ వుండే తేడా వంటిదన్నమాట. తక్కిన కోత విభజన వల్ల వచ్చింది. ఫోనును నడిపే వ్యవస్థకొక భాగం, దాన్ని మేలుకొలిపేందుకొకటి, చెడితే బాగుచేసేందుకొకటి పోగా మిగిలినదే మన జిల్లా.

వెనకటి ఫోనుల్లో ఈ సరిహద్దులు మరీ కఠినం. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడు ఫోనులో యాపులకు దక్కింది సుమారు 70 మెగాబైట్లే! మెమొరీ కార్డు ఖాళీగా పడివున్నా వాటిని అక్కడికి పంపే వీలు లేదు. 2010లో ఆండ్రాయిడు 2.2 కొంత దారి ఇచ్చింది. 2015లో ఆండ్రాయిడు 6 కార్డును ఫోనులో అంతర్భాగంగా దత్తు తీసుకునే ఏర్పాటు చేసింది, ఖమ్మం జిల్లాలోని గార్ల, బయ్యారం మండలాలను మహబూబాబాదులో కలిపినట్లు. అన్ని ఫోనులకూ ఈ ఏర్పాటు లేదు. వున్నచోట ఒక మెలిక వున్నది. ఆ కార్డు తాళంచెవి ఆ ఫోనులోనే వుంటుంది. కార్డు తీసి మరో ఫోనులో పెడితే ఏమీ చదవలేము. ఫోనును "ఫ్యాక్టరీ రీసెట్" చేశారా, తాళంచెవి పోయింది. కార్డు చేతిలోనే వున్నా అందులోని ఫోటోలు పోయినట్లే.

జాగా చాలకపోతే రీసెట్ చేయమని సలహా ఇచ్చేవాళ్ళు వీధికొకరున్నారు. రీసెట్ వ్యవస్థ భాగాన్ని తగ్గించదు. తుడిచేది మన జిల్లానే. మా విద్యార్థిని ఒకతె ఫోనులో, గతించిన నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటలున్నవి. ఆమెకూ ఈ సలహాయే దొరికింది. ముందు సెట్టింగుల్లో స్టోరేజి తెరిచి, ఏది ఎంత తింటున్నదో చూడమన్నాను. చూస్తే వాట్సాపు నిండా శుభోదయాలు!

తెలుగు పంతులిని గనుక ఇక్కడొక లెక్క చెప్పక తప్పదు. ఫోనులో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, సున్నకు తలా మూడు బైట్లు. "శుభోదయం" అని రాసి పంపితే మొత్తం 21 బైట్లు. దాన్నే గులాబీపువ్వు బొమ్మమీద అచ్చువేసి పంపితే రెండు లక్షల బైట్లవరకూ వుంటుంది. ఒక బొమ్మ జాగాలో దాదాపు పదివేల శుభోదయాలు పడతాయి.

పాటలను ముందు కాలేజీ కంప్యూటరులోకి ఎక్కించి, ఒక్కొక్కటీ మోగించి విని, ఆ తరువాతే ఆమె బొమ్మలు చెరిపింది. బొమ్మలూ వీడియోలూ కలిపి రెండు గిగాబైట్లు దాటాయి. నాయనమ్మ పాటలు అరగంటసేపటివి. అన్నీ కలిపి సుమారు 30 మెగాబైట్లు.