మందు, గుండు, మోతాదు

తరగతిలో ఒకనాడు నిఘంటువు చూచుట నేర్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, రోగము కుదిర్చెడి దానిని మందు అందుము, తుపాకిలో పోసి ప్రాణము తీసెడి దానిని గూడ మందే అందుము. ఇదేమి చిత్రమండీ?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఆలోచింపగా రెంటికిని ఒక పోలిక కనబడినది. రెండును నూఱి పొడి చేయదగినవి. రెండును కొలిచి వాడదగినవి. మోతాదు తప్పెనా, వైద్యుని మందు ప్రాణము తీయును. వేటకాని మందు ప్రాణము తీయక బాధను మాత్రమే మిగుల్చును.

ఈ రెండవ మాట నాకు మా తాతగారి వలన తెలిసినది. ఆయన యౌవనమున, అనగా వేటపై నేటి నిషేధములు రాకపూర్వము, మా యూరిలో మూతినుండి మందు దట్టించెడి నాటు తుపాకి యొకటి యుండెడిదట. ఒకనాడు పిట్టలకై సన్నని సీసపు గుండ్లు పోసికొని బయలుదేరిన వారికి కణుజు ఎదురుపడినది. ఆశ ఆగలేదు, పేల్చిరి. కణుజు పడలేదు, పరుగెత్తి పొదలలో కలిసినది. మూడవనాడు వాగు ఒడ్డున, పుండ్లు పుచ్చి, ఇంకను ఊపిరితోనే యున్న దానిని పశువుల కాపరులు చూచిరి. "గురి తప్పలేదురా, కొలత తప్పినది" అని తాతగారు ముసలితనమున గూడ అనుచుండెడివారు. ఆ పిదప ఆయన తుపాకి ముట్టలేదు.

కొలత యనగా నేమో తెలియవలెనన్న, ఆ విద్య బాగుగ పండిన చోటికి పోవలెను. పదునెనిమిదవ శతాబ్దమున అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను కమ్మరులు పొడవైన గొట్టముగల రైఫిళ్లను చేసిరి. ఇవియే తరువాత కెంటకీ రైఫిళ్లని పేరొందినవి. గొట్టము లోపల మెలితిరిగిన చాళ్లుండును. గుండు ఆ చాళ్లవెంట బొంగరమువలె తిరుగుచు వెలువడుటచే దారి తప్పదు. కాని పై మూతినుండి దట్టించు గుండు చాళ్లను గట్టిగా పట్టుకొనుట యెట్లు? అందులకొక చిన్న యుపాయము కలదు. గొట్టముకంటె వెంట్రుకవాసి చిన్నదైన గుండును తీసికొని, కొవ్వు రాచిన గుడ్డపీలికలో చుట్టి దట్టింతురు. గుడ్డ చాళ్లను పట్టును. గుండు గుడ్డను పట్టును.

ఇక గుండు ఎంత యుండవలెను? ఇచ్చట లెక్కల ఉపాధ్యాయులకు మంచి యుదాహరణము దొరకును. గోళముయొక్క వ్యాసము రెట్టింపైనచో బరువు ఎనిమిది రెట్లగును. 0.35 అంగుళపు సీసపు గుండు సుమారు 65 గ్రెయినులు తూగును, 0.44 అంగుళపుది 128, 0.49 అంగుళపుది 177, 0.53 అంగుళపుది 224. గ్రెయిను అనగా గురువింద గింజ యెత్తులో ఇంచుమించు సగము. 7000 గ్రెయినులు ఒక పౌను. కాబట్టి పౌను సీసముతో 0.35 అంగుళపు గుండ్లు నూఱు పైచిలుకు పోయవచ్చును, 0.53 అంగుళపువి 31 మాత్రమే. సీసమును మందును వీపున మోసికొని నెలల తరబడి అడవిలో తిరుగువానికి ఈ లెక్క ప్రాణసమానము. అందుచే తూర్పు అడవులలో ఉడుతలకు, జింకలకు గుండ్లు చిన్నవాయెను. పడమటి మైదానములలో అడవిదున్నలు, పెద్ద ఎలుగులు ఎదురైనప్పుడు సెయింట్ లూయీలోని హాకెన్ సోదరులు అర అంగుళమునకు మించిన గొట్టములతో బరువైన రైఫిళ్లను చేసిరి. ఉడుతకు చాలిన గుండు జింకకు చాలదు; జింకకు చాలినది దున్నకు చాలదు.

గుండు తేలినది, మందు ఎంత? నల్లమందులో సురేకారము 75 పాళ్లు, బొగ్గు 15, గంధకము 10. పలుకు సన్ననైన కొలది వేగముగా కాలును. కనుక చిన్న గొట్టమునకు సన్నపలుకు, పెద్దదానికి ముతకపలుకు వాడుట ఆచారము. పక్షిశాస్త్రజ్ఞుడు ఆడుబన్ కెంటకీ వేటకాండ్ర పద్ధతినొకదానిని వర్ణించెను. అరచేత గుండు నుంచుకొని, అది కప్పబడువఱకు కొమ్ములోని మందు పోయుదురట. గుండు పెరిగినచో మందును తానే పెరుగును. మోటుదే కాని తెలివిగల కొలత. అయితే అది ఆరంభము మాత్రమే. పిదప వేటకాడు తుపాకి చేసినవాడు విధించిన హద్దు దాటక, కొలది కొలదిగా మందు హెచ్చించుచు గురిపలకపై కాల్చి చూచును. గుండ్లన్నియు ఒకచోట గుమిగూడిన కొలతయే ఆ తుపాకికి తగిన మోతాదు. వెలికివచ్చి నేలపడిన గుడ్డపీలికను గూడ, వైద్యుడు నాడి చూచినట్లు, ఎత్తి చూచును. అది కాలి చిల్లులు పడినచో మందు ఎక్కువయో, గుడ్డ పలుచనయో యగును.

మందు ఎక్కువైన కొలది దెబ్బ పెరుగునని తోచుట సహజము. ఆ భ్రమను తొలగించినవాడు ఆంగ్ల గణితజ్ఞుడు బెంజమిన్ రాబిన్స్. అతడు 1742లో ప్రకటించిన గ్రంథమున, వ్రేలాడుచున్న బరువైన పలకను గుండుతో కొట్టి, అది ఊగిన దూరమును బట్టి గుండు వేగమును లెక్కించు పద్ధతిని వివరించెను. వేగముగా పోవు గుండును గాలి అడ్డగించు బలము ఆ గుండు బరువునకు అనేక రెట్లుండునని లోకమునకు చూపెను. సెకనుకు 2000 అడుగుల వేగముతో బయలుదేరిన అర అంగుళపు గుండు నూఱు గజములు పోవునప్పటికి 1100 అడుగుల దరికి దిగిపోవును. అదనపు మందు తెచ్చిన వేగములో చాల పాలు గాలికే పన్ను కట్టవలెను. భుజమునకు తాకు ఎదురుదెబ్బ మాత్రము పూర్తిగా మనదే. ఈ రాబిన్స్ తుదకు ఈస్టిండియా కంపెనీ కొలువున మన దక్షిణ తీరమునకు వచ్చి, 1751లో కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను.

1849లో ఫ్రెంచి సైనికోద్యోగి మినియే అడుగున గుల్లయైన పొడవాటి గుండును కల్పించెను. మందు అంటుకొనగానే దాని యడుగు విచ్చి చాళ్లను పట్టును, గుడ్డతో పనిలేదు. బరువెక్కువగుటచే ఇట్టి గుండు దూరమున గూడ బలము నిలుపుకొనును. కాని పొడవైన గుండునకు బిగువైన మెలిక కావలెను. గుండ్రని గుండునకు వదులైన మెలిక చాలును. కాబట్టి గుండును ఎన్నుకొనువాడు ముందు తన గొట్టమును ఎఱుగవలెను.

రెండు జాగ్రత్తలు మాత్రము ప్రాణములకు సంబంధించినవి. గుండు మందుమీద ఆనవలెను. నడుమ ఖాళీ యున్నచో గొట్టము ఉబ్బుటయో, పగులుటయో జరుగును. నల్లమందు తుపాకిలో నేటి పొగలేని మందు ఎన్నడును పోయరాదు. దాని యొత్తిడికి ఆ గొట్టము నిలువదు.

అమెరికాలో నేటికిని అనేక రాష్ట్రములందు ఇట్టి తుపాకులకు వేఱుగా వేటకాలము కలదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది, అది మేలే. ఆ కణుజు సంతతి నేడు మన తుపాకులకు భయపడ నక్కఱలేకుండుట చట్టము మనకు నేర్పిన మర్యాద.

మఱునాడు ఆ విద్యార్థితో నింతయు చెప్పితిని. అతడు కొంత తడవు ఊరకుండి, "అయితే మాస్టారూ, మందు అన్న మాటలోనే మోతాదు కూడ ఉన్నదన్న మాట" అనెను. నిఘంటువులో ఆ యర్థము లేదు. ఉండిన బాగుండును.