వెల్లుల్లిని ఎప్పుడు దంచాలి?

దంచని వెల్లుల్లి రెబ్బకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు. రోట్లో ఒక్క దెబ్బ పడగానే ఇల్లంతా ఘాటు కమ్ముకుంటుంది. రెబ్బలోని కణాల్లో అల్లియిన్ అనే గంధకపు సమ్మేళనం ఒకచోట, అల్లినేజ్ అనే ఎంజైమ్, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే ప్రోటీన్, మరొకచోట విడివిడిగా ఉండటమే దీనికి కారణం. కణం పగిలినప్పుడు ఈ రెండూ కలుస్తాయి, క్షణాల్లోనే అల్లియిన్ మారి అల్లిసిన్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. అల్లిసిన్‌ను 1944లో అమెరికాలో చెస్టర్ కవల్లిటో, జాన్ బెయిలీ వేరుచేసి వివరించగా, దానికి మూలమైన అల్లియిన్‌ను 1948లో స్విట్జర్లాండ్‌లో ఆర్థర్ స్టోల్, ఎవాల్డ్ సీబెక్ వెలికితీశారు. కణం పగిలితేనే ఘాటు పుడుతుందన్న ఈ ఒక్క సంగతి తెలిస్తే వెల్లుల్లికి సంబంధించిన చిట్కాల్లో ఏది ఎక్కడ పనికొస్తుందో ఎవరికి వారే తేల్చుకోగలరు. వంటింట్లో చాలా పనులకు ఖరీదైన పనిముట్ల కన్నా ఏది ముందు, ఏది తరువాత అన్న వరుసే ముఖ్యం.

పొట్టు తీయడాన్నే తీసుకుంటే, నాలుగైదు రెబ్బలు చాలినప్పుడు మొదలు కోసి, కత్తి పలకను రెబ్బపై ఆనించి అరచేత్తో నొక్కడం సులువైన పద్ధతి; పొట్టు విడివడుతుంది, రెబ్బ కూడా నలిగి ఘాటు మొదలవుతుంది కనుక చారుకూ కారప్పొడికీ అది సరిపోతుంది. రెబ్బలు ఎక్కువైతే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టవచ్చు, కానీ ఆ తడి నిలవ పచ్చళ్లకు శత్రువు. ఆవకాయకు కావలసిన వెల్లుల్లికి తెలుగు ఇళ్లలో వాడే పద్ధతే మేలు: విడదీసిన రెబ్బలకు కొద్దిగా నూనె రాసి ఎండలో ఉంచి, పొట్టు పెళుసెక్కాక గుడ్డలో వేసి నలిపి, చేటతో చెరిగితే రెబ్బలు చెక్కుచెదరకుండా, తడి తగలకుండా మిగులుతాయి. మైక్రోవేవ్‌లో నిమిషంపాటు వేడిచేసినా పొట్టు ఊడుతుంది గాని, ఆ వేడికి ఎంజైమ్ నశిస్తుంది కనుక తరువాత ఎంత దంచినా అసలు ఘాటు రాదు.

వేడి విషయం తాలింపులోనూ ఇంతే. దంచకుండా రెబ్బలను నేరుగా కాగిన నూనెలో వేస్తే, అల్లియిన్‌తో పూర్తిగా కలవకముందే ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. కూరలో ఘాటుకు బదులు కమ్మని తీపి రుచి వస్తుంది. ఇది లోపం కాదు, పప్పు తాలింపుకు కావలసింది అదే. అయితే ఘాటు కావాలనుకున్న వంటలో కచ్చాపచ్చాగా దంచి, సుమారు 10 నిమిషాలు పక్కన పెట్టి, అప్పుడు పొయ్యి మీదికి ఎక్కించాలి. ఆ వ్యవధిలో ఎంజైమ్ తన పని ముగిస్తుంది, తరువాత వేడి తగిలినా పుట్టిన పదార్థాల్లో కొంత నిలుస్తుంది. పచ్చి వెల్లుల్లిని పెరుగు పచ్చడిలోనో సలాడ్‌లోనో కలిపేటప్పుడు ఘాటు తగ్గాలంటే నిమ్మరసంలోకే నేరుగా తురమాలి, ఎందుకంటే గాఢమైన పులుపు కూడా ఎంజైమ్‌ను అణచివేస్తుంది. ఇక మాడిన వెల్లుల్లి చేదును ఏ మసాలా కప్పలేదు కాబట్టి, ఆవాలు చిటపటలాడాక మంట తగ్గించి, బంగారు రంగు రాగానే తాలింపు దించడమే దారి.

ఉల్లిపాయది ఇదే కుటుంబం, దాదాపు ఇదే కథ. అందులో మాత్రం మరో ఎంజైమ్ తోడై కళ్లు మండించే ఆవిరిని పుట్టిస్తుందని 2002లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. మొద్దుబారిన కత్తి కణాలను చిదిమి ఎక్కువ ఆవిరిని వదులుతుంది. పదునైన కత్తి, కోయడానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో ఉంచిన ఉల్లిపాయ, ఈ రెండూ కన్నీళ్లను చాలావరకు ఆపుతాయి.

వరుస తప్పితే నష్టపోయే వంటల్లో పప్పు ముఖ్యమైనది. గింజల కణాలను అంటిపెట్టుకొని ఉంచే పెక్టిన్ అనే జిగురు కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. చింతపండు పులుపు ఆ కరగడాన్ని అడ్డుకుంటుంది కనుకనే కందిపప్పు పూర్తిగా ఉడికాకే పులుసు పోయడం మన వంటలో నియమమైంది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం కూడా ఆ జిగురును గట్టిపరుస్తాయి, కాబట్టి పప్పు ఎంతకూ ఉడకడం లేదంటే తప్పు పప్పుది కాకపోవచ్చు, నీళ్లు మార్చి చూడాలి. చిటికెడు సోడా వేస్తే త్వరగా ఉడికే మాట నిజమే గాని, దానివల్ల బి1 విటమిన్ నశిస్తుంది. బెండకాయ సంగతి ఇంకా చిన్నది: దాని జిగురు నీటిలో ఉబ్బుతుంది, అందుకని కడిగి, తుడిచి, ఆరిన తరువాతే కోయాలి.

మళ్లీ వెల్లుల్లి దగ్గరికి వస్తే, అల్లం వెల్లుల్లి ముద్దలో నిమ్మరసం కలిపినప్పుడు అది ఒక్కోసారి ఆకుపచ్చగానో నీలంగానో మారుతుంది. చెడిపోయిందనుకొని పారవేసేవారున్నారు, కానీ పులుపు సమక్షంలో వెల్లుల్లిలోని గంధకపు సమ్మేళనాలు అమైనో ఆమ్లాలతో చర్య జరిపి ఏర్పరిచే రంగు అది, దానివల్ల హాని లేదు. నిజమైన ప్రమాదం రంగూ వాసనా మారకుండా వస్తుంది. మట్టిలో ఉండే క్లాస్ట్రీడియం బొటులినం అనే బ్యాక్టీరియా బీజాలు వెల్లుల్లికి అంటుకొని ఉండవచ్చు. గాలి సోకని నూనెలో, పులుపు లేనిచోట, గది వేడిమిలో అవి మొలకెత్తి, నరాలను స్తంభింపజేసే విషాన్ని తయారుచేస్తాయి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో, ఫ్రిజ్‌లో పెట్టకుండా ఉంచిన నూనె వెల్లుల్లి తిని 36 మంది ఇలాగే జబ్బుపడ్డారు. ఆవకాయను ఉప్పు, మామిడి పులుపు కాపాడుతాయి. ఉత్త నూనెలో ఊరే పచ్చి వెల్లుల్లికి ఆ రక్షణ లేదు. కాబట్టి పొట్టు తీయని పాయలను గాలి ఆడే బుట్టలో పొడిగా ఉంచండి. నూనె పోసిన వెల్లుల్లిని మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి, మిగిలితే పారేయండి.