దొంగ ఖాతాల వేట... ఖాతాదారుల గుట్టు

ముంబయి: మోసగాళ్లు కాజేసిన సొమ్మును దాటించేందుకు వాడుకునే బ్యాంకు ఖాతాలను పసిగట్టే కంప్యూటర్ విధానాన్ని రూపొందించినట్లు రిజర్వు బ్యాంకు 2024 డిసెంబర్ 6న ప్రకటించింది. బెంగుళూరులోని రిజర్వు బ్యాంకు ఇన్నోవేషన్ హబ్ తయారుచేసిన ఈ విధానం పేరు ‘మ్యూల్ హంటర్’. మ్యూల్ అంటే కంచరగాడిద. ఒకరి మూటను మోసి మరొకరికి చేర్చే ఖాతాలకు ఈ పేరు సరిగ్గానే అమరింది. కమీషన్‌కు ఆశపడి ఖాతాను అద్దెకిచ్చినవారితో పాటు, విషయమే తెలియక ఇరుక్కున్నవారు కూడా వీటి యజమానుల్లో ఉన్నారు.

2016లో ఆరంభమైన యు.పి.ఐ. చెల్లింపుల సంఖ్య 2025 ఆగస్టులో తొలిసారిగా నెలకు 2,000 కోట్లు దాటింది. ఇన్ని లావాదేవీలను మనుషులు పరిశీలించడం అసాధ్యం కనుక ఆ పని యంత్రానికి అప్పగించక తప్పలేదు. ఏడాదంతా నిద్రపోయిన ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడి, గంటల్లోనే పలువురికి వెళ్లిపోతే యంత్రానికి అనుమానం వస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. గుంటూరు యార్డులో మిర్చి అమ్ముకున్న రైతు ఖాతా కూడా ఇంచుమించు ఇలాగే కనిపిస్తుంది. పంట సొమ్ము ఏ ఏడాదికో ఒకసారి జమ అవుతుంది. ఎరువుల దుకాణానికి, కూలీలకు, కౌలు కింద భూయజమానికి ఆ రోజే పంపకమైపోతుంది. ఇది మోసం కాదని గ్రహించాలంటే ఆయన ఏ పంట వేశాడో, ఎవరికెంత బాకీ ఉన్నాడో యంత్రానికి తెలియాలి. తప్పుడు అనుమానం నుంచి బయటపడేందుకు అమాయకుడే తన గుట్టు మరింత విప్పవలసి వస్తుందన్నమాట.

పేర్లు తొలగించి పరిశీలిస్తే చాలదా అన్న ప్రశ్నకు 1990లలోనే అమెరికాలో సమాధానం దొరికింది. మసాచుసెట్స్ ప్రభుత్వోద్యోగుల వైద్య వివరాలను పేర్లు లేకుండా విడుదల చేయగా, లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు పుట్టినతేదీ, పోస్టల్ కోడ్ వంటి వివరాలను ఓటర్ల జాబితాతో సరిచూసి సాక్షాత్తూ గవర్నర్ విలియం వెల్డ్ రికార్డునే గుర్తించారు.

ఫలితాలకు లెక్క ప్రకారం స్వల్ప తేడాలు జోడించి వ్యక్తుల ఆనవాలు దాచే పద్ధతిని సింథియా డ్వర్క్ తదితరులు 2006లో ప్రతిపాదించారు. అమెరికా 2020 జనగణనలో దీనిని వాడారు. మొత్తాలు తెలుసుకోవడానికి ఇది భేషుగ్గా పనికొస్తుంది. కానీ ఏ ఒక్కరినీ పోల్చుకోనివ్వకపోవడం దాని ధర్మం. ఆ ఒక్కరినే బయటకు లాగడం బ్యాంకుల అవసరం. ఖాతాల వివరాలు ఏ బ్యాంకువి ఆ బ్యాంకులోనే ఉంచి, యంత్రం నేర్చుకున్న పాఠాన్ని మాత్రమే ఇతర బ్యాంకులతో పంచుకోవడం మరో మార్గం. దీనివల్ల వివరాలు ఒకచోట పోగుపడవు గాని, రైతు ఖాతాపై అనుమానం మాత్రం తొలగదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. తర్వాత వచ్చిన 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, నేరాలను కనిపెట్టేందుకు జరిపే పరిశీలనకు చాలా నిబంధనల నుంచి మినహాయింపునిచ్చింది. తనపై ఏ వివరాలు సేకరించారో అడిగే హక్కు కూడా అందులో కొట్టుకుపోయింది. అనుమానాస్పద లావాదేవీపై కేంద్ర ఆర్థిక నిఘా విభాగానికి నివేదిక పంపిన సంగతిని బ్యాంకులు ఖాతాదారుకు చెప్పకూడదు. ఇక ఖాతా స్తంభించిపోతే, చెల్లింపు ఆగిన రోజునే చాలామందికి ఆ సంగతి తెలుస్తోంది.