ఈస్టన్ తండ్రి ఎవరు?

అమెరికా మూడవ అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్‌కు వర్జీనియా రాష్ట్రమున మాంటిచెల్లో అను ఎస్టేటు ఉండెను. అచట బానిసగా నుండిన శాలీ హెమింగ్స్ అను స్త్రీకి 1808లో ఈస్టన్ అను కుమారుడు జన్మించెను. ఎస్టేటు లెక్కల పుస్తకమును జెఫర్సన్ స్వయముగా వ్రాసికొనెడివాడు. అందులో శాలీ బిడ్డలు తల్లి పేరు క్రింద కలరు. తండ్రి పేరు లేదు.

శాలీ బిడ్డలకు తండ్రి జెఫర్సనే యని 1802లోనే ఒక పత్రిక వ్రాసెను. ఈస్టన్ అన్న మాడిసన్ 1873లో ఒహాయో రాష్ట్రపు పత్రిక ఒకదానిలో అదే చెప్పెను. జెఫర్సన్ కుమార్తె బిడ్డలు మాత్రము ఆ నిందను ఆయన మేనల్లుళ్లైన కార్ సోదరులపై మోపిరి. చరిత్రకారులలో పెక్కుమంది వీరి మాటనే నమ్మిరి. బానిస కొడుకు మాట చెల్లకపోవుట ఆ కాలమునకు వింత కాదు గాని, న్యాయము కాదు.

ఈ వ్యాజ్యమున కొత్త సాక్షి వై క్రోమోసోము. పురుషులలోనే యుండు ఈ క్రోమోసోము మన ఇంటిపేరు వలె తండ్రినుండి కొడుకునకు దిగివచ్చును. తక్కిన క్రోమోసోములు తరతరమునకు కలగలిసిపోవుచుండగా, ఇందలి అధికభాగము మారదు. దాని డి.ఎన్.ఏ.లో ఎప్పుడో ఒకప్పుడు జరుగు చిన్న మార్పులే ఆ వంశమునకు గురుతులు.

భార్యయందు జెఫర్సన్‌కు పెరిగి పెద్దవాడైన కొడుకు లేడు. కనుక యూజీన్ ఫాస్టర్ అను వైద్యుడును, ఆయన సహచరులును పెదతండ్రి ఫీల్డ్ జెఫర్సన్ పురుషసంతతిలో ఐదుగురి రక్తమును పరీక్షించిరి. ఈస్టన్ పురుషసంతతిలో ఒకరు లభించిరి. ఫలితములు 1998 నవంబరులో ‘నేచర్’ పత్రికలో వెలువడెను. ఈస్టన్ వారసుని 19 గురుతులును జెఫర్సన్ వంశపు గురుతులతో సరిపోయెను. మేనల్లుడి ఇంటిపేరు వేరు గదా! కార్ వంశపు గురుతులు కూడ వేరుగనే యుండెను. ఆ కథ అంతటితో ముగిసెను. తామును శాలీ ద్వారా జెఫర్సన్ సంతతియేనని తరతరములుగా చెప్పికొనిన ఉడ్సన్ కుటుంబపు గురుతులు సైతము కలియలేదు.

ఆ వ్యాసమునకు పెట్టిన శీర్షిక జెఫర్సనే తండ్రి యని తేల్చివేసెను. అది తొందరపాటు. వై క్రోమోసోము ఇంటిని చూపునే గాని మనిషిని చూపదు. తమ్ముడైన ర్యాండాల్ఫ్‌కును, అతని కొడుకులకును ఉన్నది అదే.

ఇచట మరల కాగితములే శరణ్యము. జెఫర్సన్ తన ఖర్చులు, ప్రయాణములు దినదినము వ్రాసియుంచెను. శాలీకి ఒక్కొక్క బిడ్డ పుట్టుటకు సుమారు తొమ్మిది నెలల ముందు ఆయన మాంటిచెల్లోలో ఉన్నట్లు వానివలన తెలియుచున్నది. నెలల తరబడి రాజధానిలో గడిపిన వ్యక్తి విషయమున దీనిని కాకతాళీయమనుట కష్టము. ర్యాండాల్ఫ్‌ను రమ్మని 1807 ఆగస్టులో అన్న వ్రాసిన ఉత్తరము ఒకటి కలదు. అతడు వచ్చినట్లు దాఖలా లేదు.

మాంటిచెల్లోను నిర్వహించు సంస్థ 2000లో ఈ ఆధారములన్నియు కలిపి చూచి, జెఫర్సనే తండ్రియగుటకు మిక్కిలి అవకాశమున్నదని నిర్ణయించెను. మరుసటి యేడు కొందరు పండితులు దీనితో విభేదించి ర్యాండాల్ఫ్ వైపు మొగ్గిరి. 1826 నాటి వీలునామాలో జెఫర్సన్ మాడిసన్, ఈస్టన్‌లకు స్వేచ్ఛ నిచ్చియుండెను. ఈస్టన్ 1852 ప్రాంతమున విస్కాన్సిన్ చేరి, జెఫర్సన్ అను ఇంటిపేరు పెట్టుకొనెను.