అశోకపు బెరడు, అధిక రక్తస్రావం

చైత్ర శుద్ధ షష్ఠిని వంగదేశంలో అశోక షష్ఠి అంటారు. ఆనాడు తల్లులు ఉపవసించి, సంతానక్షేమం కోరి ఆరు అశోకపు మొగ్గలను నమలకుండా మింగుతారు. వ్రతంలో పువ్వుకు లభించిన గౌరవం వైద్యంలో బెరడుకు లభించింది. నెలసరిలో రక్తం మితిమీరి పోవడాన్ని ఆయుర్వేదం అసృగ్దరమనీ, రక్తప్రదరమనీ పేర్కొన్నది. దానికి అశోకపు బెరడును పాలలో కాచి ఇవ్వడం ప్రాచీన పద్ధతి. బెరడు కషాయాన్ని బెల్లంతోనూ, ధాతకీ పుష్పాలతోనూ పులియబెట్టి తయారుచేసే అశోకారిష్టం ‘భైషజ్య రత్నావళి’లో చెప్పబడిన మందు. కలకత్తా కవిరాజుల దుకాణాల్లోనూ, మన ఊళ్ల ఆయుర్వేద మందుల షాపుల్లోనూ నేటికీ ఆ సీసాలు కనబడుతూనే ఉన్నాయి.

ఈ వాడుకను ఆధునిక వైద్యుల దృష్టికి తెచ్చినదీ కలకత్తాయే. 1877లో అక్కడ వెలువడిన ‘ది మెటీరియా మెడికా ఆఫ్ ది హిందూస్’ గ్రంథంలో ఉదయచంద్ర దత్తు, దేశీయ వైద్యులు ఈ బెరడును గర్భాశయ వ్యాధులకు, ముఖ్యంగా అధిక రక్తస్రావానికి విరివిగా వాడుతున్నారని నమోదు చేశాడు. తరువాత స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో రామ్‌నాథ్ చోప్రా దేశీయ ఔషధాలను ఒక్కొక్కటిగా ప్రయోగశాలకు ఎక్కించి, 1933లో ‘ఇండిజినస్ డ్రగ్స్ ఆఫ్ ఇండియా’ ప్రకటించాడు. పూర్వులు వాడారన్న కారణం చేత మందును కొట్టివేయడమూ తగదు, నెత్తిన పెట్టుకోవడమూ తగదు, పరీక్షించి చూడవలసినదే అన్నది ఆయన మార్గం. ఆ మార్గంలో చూస్తే బెరడులో టానిన్లు, అనగా వగరు పదార్థాలు, పుష్కలంగా ఉన్నాయి. స్త్రీలపై జరిగిన పరీక్షలు మాత్రం చిన్నవి. ఈ మందు రక్తస్రావాన్ని నిశ్చయంగా ఆపుతుందని చెప్పడానికి అవి చాలవు.

బెరడు అసలుదేనా అన్నది మరొక చిక్కు. ఈ వృక్షానికి సర్ విలియం జోన్స్ పేరు కలిపి ‘జోనీషియా అశోక’ అని నామకరణం చేసిన రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లక ముందు మన సామర్లకోటలో పనిచేసినవాడు. నేటి శాస్త్రనామం ‘సరాకా అశోక’. అయితే వీధుల వెంట నిటారుగా పెరిగే నరమామిడిని కూడా మనవారు అశోకమనే అంటారు. దానినే వంగభాషలో దేబ్‌దారు అంటారు. హిందీలో దేవదారు హిమాలయాల్లో పెరిగే వేరొక వృక్షం. నిఘంటువు పక్కన పెట్టుకొని అనువదించే మావంటివారికి ఇది తలనొప్పి మాత్రమే. మందు త్రాగే స్త్రీకి అలా కాదు. అసలు అశోకం అరుదై, అంతర్జాతీయ జాబితాలో అపాయస్థితిలో ఉన్న వృక్షంగా నమోదైంది. మూలికల వ్యాపారంలో దాని బెరడుకు బదులు నరమామిడి బెరడు కలపడం పరిశోధకులు పలుమార్లు గమనించిన విషయం.

బెరడు నిజమైనదే అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: రక్తం ఎందుకు పోతున్నది? సాధారణంగా నెలకు 30, 40 మిల్లీలీటర్లు పోతుంది. 80 మించితే అధికమని వైద్యుల లెక్క. ఇంట్లో కొలవడం ఎవరి తరమూ కాదు గనుక గుర్తులు తెలిసి ఉండాలి. స్రావం ఏడు రోజులు దాటడం, గంట గంటకూ గుడ్డ మార్చవలసి రావడం, పెద్ద గడ్డలు పడడం, రాత్రి నిద్రలేచి మార్చుకోవలసి రావడం అటువంటివి. కారణాలు అనేకం: గర్భాశయంలో కణుతులు, పాలిప్‌లు, థైరాయిడ్ లోపం, అండం సక్రమంగా విడుదల కాకపోవడం, రాగి లూపు, కొన్నిసార్లు క్యాన్సర్. రజస్వల అయిన నాటి నుంచీ విపరీతంగా పోతుంటే రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉండవచ్చు. వీటన్నిటికీ ఒకే సీసా సమాధానం కాజాలదు. ముట్లుడిగిన తరువాత ఒక్క చుక్క కనబడినా, గర్భిణికి రక్తం కనబడినా, ఏ కషాయమూ పెట్టకుండా ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ఒక మిల్లీలీటరు రక్తంతో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము పోతుంది. అంటే 80 మిల్లీలీటర్లకు 40 మిల్లీగ్రాములు! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత పశ్చిమ బెంగాల్‌లో 71.4 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. కలకత్తా బజారుల్లో రక్తం పట్టడానికని కుళేఖాడా ఆకు అమ్ముతారు. అది మన నీరుగొబ్బియే. ఆకుకూరగా దానిని తినడంలో దోషం లేదు, అరటిపువ్వు కూరలోనూ లేదు. కాని తగ్గిపోయిన రక్తాన్ని కూరలు మాత్రమే పూడ్చలేవు, ఇనుము మాత్రలు కావాలి. ఆ మాత్రను టీతో వేసుకోరాదు, టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనీయవు. అశోకపు కషాయంలోనూ టానిన్లే గనుక దానికీ మాత్రకూ మధ్య వ్యవధి ఉంచడం మంచిది.

మన రాష్ట్రాల స్త్రీలకు మరొక ప్రమాదం కలదు. సీసాలతో కాలం గడిపి, విసిగిన తరువాత ఒక్కసారిగా గర్భసంచి తీయించుకోవడం. ఈ శస్త్రచికిత్స ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జాతీయ సగటుకు రెట్టింపును మించి జరుగుతున్నదనీ, స్త్రీలు చెప్పే కారణాల్లో అధిక రక్తస్రావమే ముందున్నదనీ అవే సర్వేలు వెల్లడించాయి. సీసాకూ కత్తికీ మధ్య ఎంతో చోటుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, స్కానింగ్ పరీక్షలతో కారణం చాలవరకు తెలుస్తుంది. 1962లో జపాను శాస్త్రజ్ఞులు ఒకమోతో దంపతులు కనుగొన్న ట్రానెగ్జామిక్ ఆమ్లం మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. రక్తం గడ్డకట్టి నాళాలు మూసుకొన్న చరిత్ర ఉన్నవారికి అవి తగవు. హార్మోను లూపు మరొక మార్గం.

వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు వాడుతున్న అరిష్టాలు, పొడులు, మాత్రలు అన్నీ చెప్పాలి. అరిష్టంలో పులియడం వల్ల పుట్టే మద్యసారం ఉంటుంది. కొన్ని రసౌషధాల్లో సీసం బయటపడింది, అది రక్తహీనతను పెంచే లోహం. పేరు చెప్పడం కంటే సీసానే పట్టుకుపోయి దాని మీది చీటీ చూపడం మేలు.